అట్లాంటాలో డెల్టా మ్యూజియం, ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక పాడు హోటల్

అమ్మానాన్నల్ని అట్లాంటాలో ఇండియా విమానం ఎక్కించేవాళ్లకు నా మాట ఒకటే: ఒక పూట ముందే వెళ్లి డెల్టా విమాన కంపెనీ వాళ్ల ఫ్లైట్ మ్యూజియం చూపించండి. అక్వేరియం, కోకా కోలా మ్యూజియం ఎలాగూ అందరూ చూపిస్తారు. మా నాన్న ఈ ఆరు నెలల్లో అమెరికాలో దేన్నీ ఇంత శ్రద్ధగా చూడలేదు.

కారణం పత్తి. నాన్న గుంటూరు జిల్లాలో నలభై ఏళ్లు పత్తి వేసిన మనిషి. ఇంత పెద్ద విమాన కంపెనీ పత్తి చేలకు మందు కొట్టడంతో మొదలైందని చెప్పగానే ఆగిపోయారు. 1890ల్లో మెక్సికో వైపు నుంచి టెక్సాస్‌లోకి ఒక ముక్కు పురుగు వచ్చి అమెరికా దక్షిణాది పత్తినంతా తినేసింది. దాన్ని చంపడానికి 1924లో జార్జియాలోని మేకన్‌లో హఫ్ డాలండ్ డస్టర్స్ అని ఒక కంపెనీ పెట్టారు. విమానంలో కాల్షియం ఆర్సెనేట్ అనే ఆర్సెనిక్ విషప్పొడి నింపుకుని చేల మీద తక్కువ ఎత్తులో చల్లుకుంటూ పోయేవారు. మరుసటి ఏడు లూసియానాలోని మన్రోకి మారారు. సి.ఇ. వుల్మన్ అనే వ్యవసాయ విస్తరణాధికారి అందులో చేరి, తర్వాత కొందరితో కలిసి దాన్ని కొని డెల్టాగా మార్చారు. 1929 జూన్ 17న డల్లాస్ నుంచి మిసిసిపీలోని జాక్సన్‌కి తొలిసారి ప్రయాణికుల్ని తీసుకెళ్లారు.

"ఆర్సెనిక్ పొడా? చల్లిన చేలో నెల రోజులు గొడ్లని కూడా దిగనివ్వకూడదే!" అన్నారు నాన్న. మా పత్తికి గులాబీ రంగు పురుగు పట్టిన ఏడాది గుర్తొచ్చినట్టుంది, కాసేపు ఏం మాట్లాడలేదు. మందు చల్లిన ఆ పాత డస్టర్ విమానం మాత్రం ఇక్కడ లేదు. అదొక్కటే నాన్నకి వెలితి.

రెండు పాత హ్యాంగర్లే మ్యూజియం. డీసీ-3 విమానం మెరుస్తూ ఉంది. దాని కంటే నాకు నచ్చింది బోయింగ్ 767. 1982లో రోజులు బాగోలేకపోయినా కంపెనీ జీతాలు పెంచిందని, ఉద్యోగులు తలా కొంత వేసుకుని మూడు కోట్ల డాలర్లు పోగుచేసి ఆ విమానాన్ని కంపెనీకి కానుకగా ఇచ్చారు. పేరు స్పిరిట్ ఆఫ్ డెల్టా. అదే కంపెనీ 2005లో దివాలా రక్షణ కోరింది, 2007లో బయటపడింది, 2008లో నార్త్‌వెస్ట్ అనే ఇంకో విమాన కంపెనీని కలుపుకుంది. ఆ నార్త్‌వెస్ట్ నుంచి వచ్చిందే బయట నిలబెట్టిన బోయింగ్ 747-400 విమానం, ఆ రకంలో మొట్టమొదట తయారైంది. రెక్క మీదకి నడిచి వెళ్లనిస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పి, ఆ మెట్లు చూసి నేను రానంది. మేం దిగొచ్చేసరికి మొహం ముడుచుకుని కూర్చుంది. పెద్దవాళ్లుంటే 747 ముందు చూసేయండి, ఓపిక ఉన్నప్పుడే. టికెట్ ధర, ఏ రోజు సెలవో వెళ్లేముందు చూసుకోండి.

ఇక హోటల్. ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర, ఉచిత షటిల్, ఉదయం టిఫిన్ అని చూసి 94 డాలర్లకి బుక్ చేశాను. పన్నులతో 109 అయింది. కౌంటర్లో కారుకి రాత్రికి 15, డిపాజిట్ 100 అన్నారు. ఈ రెండూ బుకింగ్‌లో ఎక్కడా లేవు. గదిలో ఏసీ ట్రాక్టర్ లాగా మోత. మార్చమంటే ఖాళీల్లేవన్నారు, పార్కింగ్‌లో చూస్తే పది కార్లు లేవు. కారు అక్కడే ఉంచి తెల్లవారుజామున షటిల్‌లో వెళ్దామనుకున్నాం. నాలుగున్నరకి అన్నది ఐదుంపావు దాకా రాలేదు. ఫోన్ చేస్తే "దారిలో ఉంది" తప్ప ఇంకో మాట లేదు. నాలుగు పెద్ద సూట్‌కేసులు, బీపీ మాత్ర వేసుకోవాల్సిన అమ్మ, గడియారం చూసే నాన్న. ఆ టెన్షన్ తట్టుకోలేక 23 డాలర్లు పెట్టి ఊబర్ ఎక్కాం. సామాన్లతో పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ఉచిత షటిల్ మాట నమ్మకండి. ముందురోజు రాత్రే ట్యాక్సీ మాట్లాడుకోండి. పార్కింగ్ డబ్బులు వెనక్కివ్వమని రాశాను, ఇంతవరకు జవాబు లేదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: అట్లాంటాలో అంతర్జాతీయ టెర్మినల్ వేరే ఉంది, 2012లో తెరిచారు, దానికి దారి కూడా వేరే, ఐ-75 హైవే వైపు నుంచి. ఊళ్లో తిరిగే మార్టా రైలు రెండున్నర డాలర్లే అయినా డొమెస్టిక్ వైపే ఆగుతుంది. అక్కడ దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. డ్రైవర్‌కి టెర్మినల్ పేరు చెప్పే ఎక్కండి. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టుకోండి. మా అమ్మకి కౌంటర్ దగ్గరే సిద్ధంగా ఉంది, తోసిన అమ్మాయి చాలా మర్యాదగా చూసుకుంది.