ఉప్పలపాడు కొంగలకు నికాన్ 200-500 లెన్సు

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలను ఫొటో తీయడానికి ఏ లెన్సు కావాలని ఎవరైనా అడిగితే, నేను 200 నుంచి 500 మిల్లీమీటర్ల దాకా జూమ్ చేయగల నికాన్ 200-500 ఎఫ్/5.6 పేరే చెబుతాను. విజయవాడలో దీనిని అద్దెకు తీసుకొని, డి7500 కెమెరాకు తగిలించి, రెండు ఆదివారాలు తెల్లవారినప్పటి నుంచి ఎండ ముదిరేదాకా వాడి చూశాను.

ఎర్రకాళ్ల కొంగ నిలబడితే దాదాపు మీటరు ఎత్తు, రెక్కలు చాపితే ఒకటిన్నర మీటరు పైనే ఉంటుంది. గూటిలో కూర్చున్నప్పుడు 500 దగ్గర దాని ముఖం నారింజరంగు చర్మంతో సహా చక్కగా వస్తుంది కానీ, పుల్లను ముక్కున పట్టుకొని చెరువు మీదుగా మనవైపు ఎగిరి వచ్చేటప్పుడు జూమ్‌ను 500 దగ్గరే ఉంచేస్తే రెక్కల కొసలు తెగిపోతాయి. జూమ్ విలువ తెలిసేది అప్పుడే. జూమ్ రింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పడానికి చెయ్యి ఒకసారి తిప్పితే చాలదు కనుక, పక్షి వాలబోయే చెట్టును ముందే గమనించి 300 దగ్గర సిద్ధంగా ఉండటం మేలు.

నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చినది నత్తగుల్ల కొంగ ఫొటో. దాని ముక్కు రెండు భాగాల నడుమ ఉండే సందులోంచి వెనకనున్న ఆకుల పచ్చదనం కనిపించేంత స్పష్టత ఈ లెన్సు ఇచ్చింది. అదే ఫొటోలో పక్కనున్న పిల్ల ముక్కుకు ఆ సందు ఇంకా ఏర్పడలేదన్న సంగతి నేను ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూసినప్పుడే గమనించాను.

ముదురు పచ్చని తుమ్మల ముందు తెల్లని పక్షి ఉన్నప్పుడు, వెలుతురు లెక్కను కెమెరాకే వదిలేస్తే ఈకల గీతలన్నీ పోయి సున్నం పూసినట్లు వస్తాయి. అందుకే నేను ఫొటో కొంచెం ముదురుగా వచ్చేలా ఎక్స్‌పోజర్ సవరణను మైనస్ 0.7 పెట్టుకున్నాను. జూమ్ ఎంత మార్చినా ఎఫ్/5.6, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రపు కొలత, మారదు కనుక, మాన్యువల్‌లో, అంటే వెలుతురు లెక్కను తామే పెట్టుకొని, తీసేవారు ఒకసారి సరిచూసుకుంటే వెలుతురు మారేవరకు నిశ్చింతగా ఉండవచ్చు.

బరువు 2,300 గ్రాములు. చేతి వణుకును లెన్సులోని వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) సర్దుతుంది కానీ భుజాల నొప్పిని ఏమీ చేయలేదు; మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తప్పనిసరి.

అద్దెకు తీసుకునేవారు హుడ్ (పక్కల నుంచి ఎండ పడకుండా లెన్సు ముందు తగిలించే తొడుగు) ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. మొదటిసారి నాకు హుడ్ లేకుండానే ఇచ్చారు. ఉదయపు ఎండకు ఎదురుగా తీసిన ఫొటోలన్నీ పాలు కలిపినట్లు మసకబారాయి. రెండో ఆదివారం అడిగి తెచ్చుకున్నాను, అదే గట్టు మీద, అదే వేళకు తీసినవి తేటగా వచ్చాయి.