డిస్కౌంట్‌లో పాత మిర్రర్‌లెస్ కెమెరా కొంటున్నారా? ముందు మౌంట్ సంగతి తేల్చుకోండి

మొదటి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేకుండా, లెన్సులు మార్చుకునే వీలున్న కెమెరా) కొనబోయేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మౌంట్ అంటే లెన్స్‌ని కెమెరా బాడీకి బిగించే చోటు. నేను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనే రాస్తున్నాను.

నా ముందు రెండు మోడల్స్ ఉండేవి. ఒకటి అప్పుడే వచ్చిన ఎంట్రీ లెవెల్ కెమెరా. రెండోది కొన్నేళ్ల కిందటిది, కానీ ఒకప్పుడు అంతకంటే పై మెట్టు మోడల్. దాదాపు సగం ధరకే ఇస్తున్నారు, పైగా రెండు లెన్సులతో. మెగాపిక్సెల్స్ రెండింటిలోనూ 24. చేతిలో పట్టుకుంటే పాతదే గట్టిగా, నిండుగా అనిపించింది. అమ్మిన అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "తర్వాత ఇదే కంపెనీ కొత్త లెన్సులు కొంటే దీనికి పడతాయా?" "ఎందుకు పట్టవండీ, కంపెనీ ఒకటే కదా" అన్నాడు. నమ్మి కొనేశాను.

ఎనిమిది నెలలకు పోర్ట్రెయిట్ల కోసం డబ్బు కూడబెట్టి అదే కంపెనీది ఒక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) తెప్పించుకున్నాను. లెన్స్ మీది గుర్తును, బాడీ మీది గుర్తును కలిపి తిప్పితే టక్కున పడాలి. ఇది అసలు కూర్చోనే లేదు. లైటు కింద రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది, లెన్స్ వెనక రింగు బాడీ మూతి కంటే వెడల్పు. రెండింటి మధ్య పెట్టి కలిపే అడాప్టర్ కోసం రెండు రోజులు వెతికాను, దొరకలేదు. కంపెనీ కొత్త మౌంట్‌కి మారిపోయింది, నా కెమెరాది ఆగిపోయిన మౌంట్.

మోడల్ పేరు కావాలనే చెప్పడం లేదు. కెమెరా చక్కగా పనిచేస్తోంది, ఫోటోలు బాగానే వస్తాయి. తప్పంతా తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పి అమ్మిన తీరులో ఉంది.

ఒకే కంపెనీలో ఇలా ఎలా జరుగుతుందంటే, కానన్ సంగతి చూడండి. ఈఎఫ్-ఎం మౌంట్ 2012లో వచ్చింది. 2018లో ఆర్‌ఎఫ్ మౌంట్ మొదలుపెట్టారు. 2022లో ఆర్7, ఆర్10 కెమెరాలు వచ్చేసరికి చిన్న సెన్సర్ కెమెరాలు కూడా ఆర్‌ఎఫ్‌లోకి వచ్చేశాయి, ఆ తర్వాత ఈఎఫ్-ఎం ముగిసిపోయింది. మౌంట్ నుంచి సెన్సర్‌కి (ఫోటోని పట్టే చిప్‌కి) ఉండే దూరం ఈఎఫ్-ఎంలో 18 మిల్లీమీటర్లు, ఆర్‌ఎఫ్‌లో 20. ఆ రెండు మిల్లీమీటర్ల సందులో అడాప్టర్‌కి చోటెక్కడిది? అదే పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఈఎఫ్ లెన్సులకైతే ఆ దూరం 44 మిల్లీమీటర్లు కాబట్టి అడాప్టర్‌తో రెండు రకాల బాడీల మీదా వాడుకోవచ్చు. నికాన్ కూడా అంతే, 2011లో తెచ్చిన నికాన్ 1 సిరీస్‌ని 2018లో ఆపేసి జెడ్ మౌంట్‌కి వెళ్లింది. ఆగిపోయిన మౌంట్‌కి దొరికేవి పాత స్టాకు, సెకండ్ హ్యాండ్ లెన్సులే ఎక్కువ. బాడీ నాలుగేళ్లకో ఐదేళ్లకో మారుస్తాం, కానీ మంచి లెన్స్ అంతకంటే ఎన్నో ఏళ్లు ఉంటుంది. అందుకే నాకు ఇది అన్నిటికంటే పెద్ద నష్టంగా అనిపిస్తోంది.

అలాగని పాతది వద్దే వద్దని నేను అనను. సోనీ ఏ6000 2014 నాటిది, కానీ దాని 'ఈ' (E) మౌంట్ ఇప్పటికీ నడుస్తోంది. ఈ రోజు కొన్న లెన్స్ రేపు కొత్త బాడీకి కూడా పనికొస్తుంది. అయితే అందులో 4కే వీడియో లేదు, టచ్ స్క్రీన్ లేదు, బయటి మైక్ పెట్టుకునే జాక్ లేదు. ఫోటోలకే అయితే ఫర్వాలేదు, వీడియోలు తీసేవాళ్లు మాత్రం తర్వాత బాధపడతారు. కొత్తది అన్న మాటని కూడా గుడ్డిగా నమ్మకండి. కానన్ ఆర్100 2023లో వచ్చినా దానికి టచ్ స్క్రీన్ లేదు, స్క్రీన్ తిరగదు. 4కేలో తీస్తే ఫ్రేమ్ బాగా కట్ అవుతుంది. అదే ఏడాది వచ్చిన ఆర్50లో ఈ ఇబ్బందులు లేవు. నన్నడిగితే, నడుస్తున్న మౌంట్‌లో కాస్త పాత బాడీ కొని, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టడమే మంచిది.

ఇంకో విషయం కూడా జరిగింది. కొన్న మూడో రోజు, కొత్త కార్డు ఫార్మాట్ చేసి తీసిన మొదటి ఫోటో ఫైల్ నంబర్ చూస్తే 1864. కొత్త కెమెరాలో 0001 దగ్గర మొదలవ్వాలి కదా! కంటి దగ్గర ఉండే రబ్బరు కూడా కొద్దిగా నున్నగా అరిగి ఉంది. అంటే అది షోకేసులో అందరూ నొక్కి చూసిన డిస్‌ప్లే పీస్. సీల్డ్ అని చెప్పి నాకు అంటగట్టారు. బ్యాటరీ కూడా ఫుల్ ఛార్జ్ చేసినా గంటన్నరకే దిగిపోయేది. మీరు కొనేటప్పుడు మీ దగ్గరున్న ఖాళీ కార్డు తీసుకెళ్లండి, దాన్ని ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేసి ఒక ఫోటో తీసి నంబర్ చూడండి. పాత ఫోటోలున్న కార్డు వేస్తే నంబర్ దాని ప్రకారం పోయే అవకాశం ఉంది, అప్పుడు ఏమీ తేలదు. బాడీ మీది సీరియల్ నంబర్, బిల్లు మీది, వారంటీ కార్డు మీది మూడూ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. "పాత లెన్సులు, కొత్త లెన్సులు ఏవి పడతాయి" అని అమ్మేవాళ్లని అడగడం కాదు, తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో లెన్సుల పేజీ తెరిచి మీరే చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు రిటర్న్ గడువు దాటేదాకా డబ్బా, లోపలి అట్టలు, కవర్లు ఏవీ పారేయకండి. నేను నాలుగో రోజే ఆ నంబర్ చూపించి వెనక్కి తీసుకోమని అడిగాను. డబ్బా లేదని ఒప్పుకోలేదు. దాన్ని నేను మొదటి రోజే చెత్తలో వేసేశాను.