కొత్త టీవీ, పాత రిసీవర్: మూడేళ్లకు పైగా వాడిన అనుభవం

2021 దసరాకు మా ఇంట్లోకి 55 అంగుళాల 4కే టీవీ వచ్చింది. దాన్ని కలపవలసిన హోమ్ థియేటర్ మాత్రం అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2012లో కొన్నది: శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే ఒక ఏవీ రిసీవర్, ముందువైపు మూడు స్పీకర్లు, వెనక రెండు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌ఊఫర్. మాది కడపలో ఎర్రముక్కపల్లి వైపు మా నాయన కట్టించిన మిద్దె. పడసాల నేలంతా కడప బండలే. ఈ నేల సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే శబ్దం విషయంలో అది టీవీ కన్నా ఎక్కువ పని పెట్టింది. టీవీ కొత్తది, రిసీవర్ పాతది కాబట్టి రెండూ కలవవని, పాతదాన్ని అమ్మేసి సౌండ్‌బార్ తీసుకోమని నాకు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను అమ్మలేదు. మూడేళ్లు దాటాక కూడా ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతున్నాను, కానీ మొదటి నాలుగు నెలలు నేను దాన్ని సరిగ్గా వాడనే లేదు.

టీవీ బిగించడానికి దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి టీవీకీ రిసీవర్‌కూ మధ్య ఆప్టికల్ వైరు వేసి, ఒక సినిమా పెట్టి, ఐదు స్పీకర్లూ మోగుతున్నాయని చూపించి వెళ్లిపోయాడు. మేమూ సంతోషించాం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం రిసీవర్ మీద దుమ్ము తుడుస్తూ దాని ముందు పలకను దగ్గరగా చూశాను. ఆ పలక మీద ఒక మూలన చిన్న చిన్న గళ్లు ఉంటాయి: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, సబ్‌ఊఫర్. బయటి నుంచి రిసీవర్‌కు ఏయే ఛానళ్లు, అంటే ఏయే స్పీకర్లకు విడిగా ఉద్దేశించిన శబ్దాలు, వస్తున్నాయో ఆ గళ్లు మాత్రమే వెలుగుతాయి. సినిమా నడుస్తూ ఉంది, ఐదు స్పీకర్లూ మోగుతున్నాయి, కానీ వెలుగుతున్నవి ఎడమ, కుడి గళ్లు రెండే. అంటే టీవీ నుంచి వస్తున్నది మామూలు స్టీరియో. రిసీవర్ అదే శబ్దాన్ని అన్ని స్పీకర్లకూ పంచిపెడుతోంది.

తప్పు వైరుది కాదు. ఆప్టికల్ వైరు 5.1 డాల్బీ డిజిటల్‌ను, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌ఊఫర్‌కూ విడివిడిగా ఉండే శబ్దాన్ని, చక్కగా మోస్తుంది. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్ అనే చోట పీసీఎం అని ఉంది, అక్కడ పీసీఎం ఉంటే ఆప్టికల్ దారిలో రెండు ఛానళ్లే బయటికి వస్తాయి. దాన్ని డాల్బీ డిజిటల్‌కు మార్చి మళ్లీ అదే సినిమా పెట్టగానే ఆరు గళ్లూ వెలిగాయి. వాన పడే దృశ్యంలో చినుకుల శబ్దం వెనక్కి జరిగింది, మాటలు మధ్య స్పీకర్‌లోకి వచ్చి కూర్చున్నాయి. అప్పటి నుంచి కొత్తగా ఏది కలిపినా నేను మొదట చెవులను నమ్మను, ఆ గళ్లను చూస్తాను. టీవీ మెనూలో ఏముందో, పెట్టె మీద ఏం రాశారో కాదు, రిసీవర్‌కు నిజంగా ఏం చేరుతోందో చెప్పేది ఆ పలక ఒక్కటే.

ఆ తర్వాత ఆప్టికల్ తీసేసి, బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐకి మారాను. టీవీలో వచ్చే శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరు గుండా వెనక్కి రిసీవర్‌కు పంపే ఏర్పాటును ఏఆర్‌సీ అంటారు. ఇది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది కాబట్టి 2012 నాటి నా రిసీవర్‌లో ఉంది. టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉన్నా ఈ పని చేసేది సాధారణంగా ఒక్కటే, దాని పక్కన ఏఆర్‌సీ అని గానీ, దాని కొత్త రూపమైన ఈఏఆర్‌సీ అని గానీ రాసి ఉంటుంది. మా టీవీలో అది రెండోది. రిసీవర్ వైపు మాత్రం ఇన్‌పుట్ రంధ్రాల్లో కాకుండా, అవుట్ అని రాసిన దాంట్లోనే పెట్టాలి. శబ్దం టీవీ నుంచి రిసీవర్‌లోకి వస్తోంది కాబట్టి ఇన్‌లో పెట్టాలనిపించడం సహజమే. నేనూ ఒక సాయంత్రమంతా అలాగే పెట్టి కూర్చున్నాను.

వైరు పెట్టినంత మాత్రాన ఏఆర్‌సీ పనిచేయదు, రెండు యంత్రాల్లోనూ సీఈసీ అనే సెట్టింగును తెరవాలి. టీవీల్లో దీన్ని ఆ పేరుతో వెతికితే దొరకదు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్‌ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది తెరిచాక టీవీ రిమోట్‌తోనే రిసీవర్ శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. టీవీ వేస్తే రిసీవర్ లేస్తుంది, ఆపితే అదీ ఆగుతుంది. ఇంట్లో మిగతావాళ్లకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఇదే. అంతకు ముందు మా అమ్మ సీరియల్ చూడాలంటే మూడు రిమోట్లు, వాటి మీద నేను అంటించిన మూడు కాగితం ముక్కలు.

ఇక టీవీ ఆడియో మెనూలో ఆటో, పాస్ త్రూ, డాల్బీ డిజిటల్, పీసీఎం అని నాలుగు దారులు ఉన్నాయి. కొత్త రిసీవర్ ఉన్నవాళ్లు, శబ్దాన్ని టీవీ మార్చకుండా వచ్చింది వచ్చినట్టే పంపే పాస్ త్రూ పెట్టుకోవచ్చు. పాత రిసీవర్‌కు అది కుదరలేదు: ఓటీటీ యాప్‌లు 5.1 శబ్దాన్ని ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో పంపుతాయి, నా రిసీవర్ ఏఆర్‌సీ దారిలో దాన్ని అందుకోలేక మూగగా ఉండిపోయింది. డాల్బీ డిజిటల్ అని పెడితే టీవీయే దాన్ని పాత రూపంలోకి మార్చి ఇస్తుంది, ఆరు గళ్లూ వెలుగుతాయి. ఆటో మీద పెట్టి చూస్తే కొన్ని యాప్‌లలో ఆరు, కొన్నింటిలో రెండే వెలిగాయి, అందుకని దాన్ని వదిలేశాను. ఈ మార్పులో పైనుంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్ పోతుంది, నిజమే. కానీ పైకప్పు వైపు స్పీకర్లు లేని ఇంట్లో నేను దానికోసం బాధపడలేదు.

ఏ పెట్టెను ఎక్కడ కలపాలి అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పాత అలవాటు ప్రకారం అన్నింటినీ రిసీవర్‌కు కలిపి, రిసీవర్ నుంచి ఒకే వైరు టీవీకి వేశాను. 4కే స్ట్రీమింగ్ స్టిక్‌ను అలా కలిపితే బొమ్మ 4కే కన్నా తక్కువ స్పష్టత ఉన్న 1080పీ దాటి రాలేదు. 4కే సినిమాల కాపీ రక్షణకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి, దారిలో ఉన్న ప్రతి యంత్రానికీ అది ఉండాలి. నా రిసీవర్ దానికన్నా ముందు తరంది. స్టిక్‌ను నేరుగా టీవీకే పెట్టాను. బొమ్మ టీవీలోనే ఆగింది, శబ్దం ఒక్కటే ఏఆర్‌సీ మీద రిసీవర్‌కు వెళ్లింది, గొడవ తీరింది. సెట్‌టాప్ బాక్సును కూడా టీవీకే మార్చాను.

బ్లూరే ప్లేయర్ విషయంలో మాత్రం ఇదే పని చేస్తే నష్టం. బ్లూరే డిస్కులో శబ్దం నాణ్యత తగ్గకుండా ఉంటుంది: డాల్బీ ట్రూహెచ్‌డీ సెకనుకు 18 మెగాబిట్ల దాకా, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో 24.5 మెగాబిట్ల దాకా పోతాయి. ఏఆర్‌సీ దారి మోసేది సుమారు ఒక్క మెగాబిట్టే. 37 మెగాబిట్ల దాకా మోసే ఈఏఆర్‌సీ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో గానీ రాలేదు. నా టీవీకి అది ఉన్నా రిసీవర్‌కు లేదు కాబట్టి ఉండీ లాభం లేదు. అందుకని ప్లేయర్‌ను రిసీవర్‌కే ఉంచాను. మామూలు బ్లూరే బొమ్మ 1080పీయే కాబట్టి పాత రిసీవర్ గుండా వెళ్లినా దానికి వచ్చిన లోటు లేదు. పెన్‌డ్రైవ్ సినిమాలకు కూడా ఈ ప్లేయరే దిక్కయింది: డాల్బీ లాంటిదే ఇంకో రకమైన డీటీఎస్ శబ్దం ఉన్న ఫైళ్లను మా టీవీ బొమ్మతో ఆడిస్తుంది గానీ శబ్దం ఇవ్వదు, ఆ మాట కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. టీవీ కొనబోయేవాళ్లు డీటీఎస్ ఉన్న ఒక ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి దుకాణంలోనే పెట్టించి చూడటం మంచిది.

బ్లూరేను ఇలా కలిపాక ఇంకో చిక్కు వచ్చింది. బొమ్మకు టీవీ మెరుగులు దిద్దేలోపు శబ్దం స్పీకర్లలోంచి ముందే వచ్చేస్తుంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పసిగడతాడని, వెనకబడితే 125 దాకా గమనించడని ప్రసార రంగపు ప్రమాణాలు చెబుతున్నాయి. దూరాన చాకలిబండ మీద బట్ట ఉతుకుతుంటే చెయ్యి ముందు కనబడి చప్పుడు తర్వాత వినబడటం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు, తిరగబడితే మనసు ఒప్పుకోదు. రిసీవర్‌లో ఆడియో డిలే అనే సెట్టింగు ఉంది; ఒక పాత్ర తలుపు మూసే దృశ్యాన్ని పదే పదే పెట్టి, పది పది మిల్లీసెకన్లు పెంచుకుంటూ 80 దగ్గర ఆగాను. ఆ 80 బ్లూరే ఇన్‌పుట్‌కు మాత్రమే. టీవీ నుంచి వచ్చే శబ్దానికి సున్నా ఉంచాను.

ఇప్పుడు నేల. మాటలు స్పష్టంగా లేవని మా అమ్మ ఎప్పుడూ అనేది: "ఏం మాట్లాడ్తాండారో ఒక్క ముక్కా తెలడంల్యా నాయనా." నేను ప్రతిసారీ శబ్దం పెంచేవాణ్ని, అది ఇంకా మసకబారేది. ఖాళీ పడసాలలో నిలబడి ఒక్క చప్పట కొడితే ఆ చప్పుడు బండల మీద, సున్నం గోడల మీద పడి కాసేపు జరజరమని తిరుగుతుంది. మాటల్లోని సకారాలు, తకారాలు అందులోనే కలిసిపోతాయి. నాలుగు వేల రూపాయల లోపు ఖర్చుతో రెండు పనులు చేశాను. టీవీకీ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా రెండు మడతలుగా పరిచి, ఎదురు గోడకు ఒక గొంగడి వేలాడదీశాను. మధ్య స్పీకర్ టీవీ బల్ల కింది అరలో లోపలికి ఉండేది. దాన్ని అర అంచుదాకా ముందుకు లాగి, కింద చిన్న చెక్క ముక్క పెట్టి, మూతి కూర్చున్న మనిషి చెవుల వైపు తిరిగేలా ఎత్తాను. ఆ రోజు రాత్రి అమ్మ అంతకు ముందుకన్నా తక్కువ శబ్దంతో సీరియల్ పూర్తిగా చూసింది. కొత్త టీవీ గానీ, ఖరీదైన వైరు గానీ ఇంత తేడా తేలేదు.

వైరు గురించి రెండు మాటలు చాలు. ఏఆర్‌సీకి మూడు మీటర్ల లోపు మామూలు హై స్పీడ్ వైరు సరిపోతుంది. 4కే స్టిక్కుకూ బాక్సుకూ ప్రీమియం హై స్పీడ్ తీసుకుంటే మేలు. బంగారు పూత కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర లేదు.

కరెంటు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ఇళ్లలో దీన్ని ఎవరూ చూడరు. కేబుల్ వైరును సెట్‌టాప్ బాక్సుకు బిగించగానే సబ్‌ఊఫర్ గుయ్ మని మోగేది, విప్పితే ఆగేది. టీవీ వెనక లోహపు అంచును తాకితే వేలు జివ్వుమనేది. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి పరీక్షిస్తే బోర్డులో మూడో పిన్ను రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్త్ వైరే లేదని తేలింది. పెరట్లో గుంత తీయించి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ పెట్టించాక జివ్వుమనడం పోయింది, గుయ్ శబ్దం చాలావరకు తగ్గింది. సబ్‌ఊఫర్‌నూ బాక్సునూ ఒకే బోర్డుకు మార్చాక మిగిలింది కూడా పోయింది. ఎర్త్ లేని ఇంట్లో కరెంటు ఉండగా హెచ్‌డీఎంఐ వైరు పీకడం, పెట్టడం చేయకూడదు, ఆ జివ్వుమనే కరెంటు సన్నటి పిన్నుల గుండా పోతే రంధ్రం పనికిరాకుండా పోవచ్చు. నేను ఇప్పటికీ అన్ని ప్లగ్గులూ తీసిన తర్వాతే వైరు ముట్టుకుంటాను, అక్టోబరు, నవంబరు ఉరుముల రాత్రుల్లో కేబుల్ వైరును కూడా విప్పేస్తాను.

ఎండాకాలం సంగతి చెప్పకుండా ఉండలేను. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు అద్దాల షోకేసులో ఉన్న రిసీవర్ సినిమా మధ్యలో రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. షోకేసులోంచి తీసి, పైన జానెడు ఖాళీ వదిలి బయట పెట్టాక మళ్లీ ఆగలేదు.

మూడేళ్లు దాటినా తీరని ఇబ్బంది ఒకటి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. శబ్దం టీవీ స్పీకర్ల నుంచే వస్తుంది, రిసీవర్ మౌనంగా ఉంటుంది. రెండింటి ప్లగ్గులూ తీసి, ఐదు నిమిషాలు ఆగి, మొదట టీవీని, అది పూర్తిగా లేచాక రిసీవర్‌ను పెడితే మళ్లీ కలుస్తాయి. ఇన్వర్టర్ మీద టీవీని ఉంచి రిసీవర్‌ను ఉంచకపోవడం వల్లే ఇది ఎక్కువైందని కొంతకాలానికి గమనించి, రెండింటినీ ఒకే స్విచ్ కిందికి తెచ్చాను. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు జరిగేది నెలకు ఒకసారికి తగ్గింది. ఈ పని అమ్మకు కూడా నేర్పాను. ప్లగ్గుల మీద ఒకటి, రెండు అని అంకెలు రాసిన కాగితాలు అంటించాను.