తోలుగుడ్లు, టానిక్ సీసాలు, మా పది పెట్టలు

మా పెరట్లో పది గ్రామప్రియ పెట్టలున్నాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన రకం. నాలుగేళ్లలో వీటికి నేను పెట్టని మేత లేదు, కొనని సీసా లేదు.

మొదట్లో నూకలు, తవుడు, వంటింట్లో మిగిలినవీ వేసేవాణ్ణి. అమ్మ పెంచిన నాటుకోళ్లకు అదే సరిపోయేది. కానీ నాటుపెట్ట పది, పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. గ్రామప్రియకు ఆ ధ్యాస తక్కువ, పెడుతూనే ఉంటుంది. మూడు నెలలకే తోలుగుడ్లు, అంటే పెంకు గట్టిపడని గుడ్లు, మొదలయ్యాయి. వేలు తగిలితే సొట్టపడేవి. ఒకటి చితికేసరికి మిగతా పెట్టలు రుచి మరిగి, మంచి గుడ్లను కూడా పొడుచుకు తినసాగాయి. ఆ అలవాటు మాన్పించడానికి పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

అప్పుడు లేయర్ దాణాకు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసిన మేతకు, మారాను. మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం సుమారు 3.5 శాతం ఉంటాయి. పెట్టకు రోజుకు 110 గ్రాముల లెక్కన వేస్తే పెంకులు గట్టిపడ్డాయి. ధర నూకల కంటే ఎక్కువే, అయినా దీనికి పెట్టిన డబ్బుకు నాకు బాధ లేదు. చిక్కల్లా 50 కిలోల బస్తాతోనే. పది పెట్టలకు నెలన్నర వస్తుంది. వానాకాలంలో అంతకాలం నిలవ ఉంచితే బూజు వాసన వస్తుంది. బూజు పట్టిన దాణాలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఒకసారి సగం బస్తా పారబోశాక, మా పక్కింటివాళ్లతో కలిసి పంచుకుంటున్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది ఆల్చిప్పల ముక్కలు. పొడి కాదు, ముక్కలే. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది. సాయంత్రం తిన్న ముక్కలు కందనకాయలో ఉండి మెల్లగా కరుగుతాయి కాబట్టి అవసరమైన వేళకు కాల్షియం అందుతుంది. దాణాలో కలపను, వేరే చిప్పలో పెడతాను. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది, పుంజు దాని జోలికే పోదు. పిల్లలకు మాత్రం లేయర్ దాణా పెట్టకూడదు. అంత కాల్షియం వాటి మూత్రపిండాలకు చేటు. ఈ సంగతి తెలియక రెండు వారాలు వేశాను, పశువైద్యుడు చీవాట్లు పెట్టాడు.

ఇక టానిక్‌లు. శీతాకాలంలో గుడ్లు తగ్గితే కంగారుపడి మూడు రకాలు కొన్నాను. రెండు నెలలకు గుడ్లు మళ్లీ వచ్చాయి, సీసాకు దణ్ణం పెట్టాను. మరుసటి ఏడాది డబ్బుల్లేక ఏమీ కొనలేదు, అయినా అదే సమయానికి వచ్చాయి. అది కోళ్లు ఈకలు రాల్చుకునే కాలం, పైగా పగటి వెలుగు తక్కువ. జబ్బు చేసినప్పుడు వైద్యుడు రాసిస్తే తప్ప వాటి ఊసే ఎత్తను.

నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా మొక్క గురించి చాలామంది అడుగుతారు. కోళ్లు ఎగబడి తింటాయి, నిజమే. కానీ దానిలో 90 శాతానికి పైగా నీరే. ఏప్రిల్ ఎండకు మా మడి రెండుసార్లు మాడిపోయింది. ఇప్పుడు మునగాకు రెమ్మలు వేలాడదీస్తున్నాను, ఖర్చు సున్నా.

ఒక్కటి ఇంకా తేలలేదు. దాణాలో గింజ నలగొట్టి ఉంటుంది కదా, అది ఏరుకుని పొడిని తొట్టిలోనే వదిలేస్తాయి. మజ్జిగ చిలకరించి ముద్దగా పెడితే మొత్తం తింటున్నాయి, కానీ గంటలో తినకపోతే పులుస్తుంది. పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే నాకు, కోళ్లు తినేదాకా నిలబడే తీరికేదీ?