కరెంటు వాడకం డేటా షేర్ చేసే పరికరం కొంటున్నారా? నాకు జరిగింది చదివి కొనండి

మెయిన్ లైనుకి క్లాంప్ తగిలిస్తే ఇంట్లో ఎంత కరెంటు కాలుతోందో ఫోన్లో చూపించే పరికరాలు ఉన్నాయి కదా, అలాంటిదొకటి కొన్నాను. పనితనానికి వంక పెట్టను. రీడింగ్ సెకనుకోసారి వస్తుంది, లెక్క మీటరుకి దగ్గరగానే ఉంది. గొడవంతా యాప్‌లోని షేర్ బటన్‌తో వచ్చింది.

మా బావ కూడా బిల్లు తగ్గించుకునే పనిలో ఉన్నాడు. ఇద్దరం పోల్చుకుందామని లింక్ పంపాను. నెల యూనిట్లు మాత్రమే కనిపిస్తాయనుకున్నా. మర్నాడు ఫోన్ చేసి, "ఏంటి బావా, రాత్రి రెండింటిదాకా మేలుకునే ఉన్నావా? మూడుసార్లు కెటిల్ పెట్టినట్టున్నావే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ లింక్‌కి పాస్‌వర్డ్ లేదు, గడువూ లేదు. బావ అప్పటికే దాన్ని ఇంకో నలుగురికి పంపాడు, పాపం మంచి ఉద్దేశంతోనే. ఆపే దారి వెతికి, దొరక్క వదిలేశాను (తప్పు నాదే). తర్వాత నాలుగు రోజులు మేం ఊళ్లో లేం. తిరిగొచ్చి చూస్తే గ్రాఫ్‌లో ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ వేసిన చిన్న మెట్లు తప్ప ఏమీ లేవు. ఇంట్లో ఎవరూ లేరని గేటుకి బోర్డు కట్టి వెళ్లినట్టే.

కంపెనీకి రాస్తే, "మీ పేరు, అడ్రస్ చూపించం కాబట్టి ఇబ్బంది లేదు" అన్నారు. మోసమంతా ఆ మాటలోనే ఉంది. లింక్ అందుకున్నవాళ్లకి అది ఎవరిల్లో ముందే తెలుసు. తెలియకపోయినా, లేచే వేళ, వంట వేళ, పడుకునే వేళ ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి. ఇంటి మొత్తం వాడకం గీతను బట్టి ఏ వస్తువు ఎప్పుడు నడిచిందో విడదీసే పద్ధతిని 1980ల్లోనే అమెరికాలోని ఎంఐటీలో జార్జ్ హార్ట్ అనే పరిశోధకుడు అభివృద్ధి చేశాడు. దీన్ని నిఘాకి కూడా వాడొచ్చని 1989లో ఆయనే హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. నెదర్లాండ్స్‌లో అయితే స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసే బిల్లు 2009లో ఎగువసభలో ఆగిపోవడానికి ఈ గోప్యత భయమే పెద్ద కారణం.

కాబట్టి కొనేముందు పేరు దాస్తుందా అని అడక్కండి, ఎంత వ్యవధి రీడింగులు బయటికి వెళ్తాయో అడగండి. సెకన్ల రీడింగ్ అయితే వస్తువులు బయటపడతాయి. పావుగంట, గంట లెక్కల్లో చిన్న వస్తువులు కలిసిపోతాయి కానీ ఇంట్లో మనుషులున్నారో లేదో తెలిసిపోతుంది. రోజు మొత్తం ఇచ్చినా ఊరెళ్లిన రోజులు దొరికిపోతాయి. పోల్చుకోవడానికే అయితే నెల మొత్తం చాలు. రోజువారీ లెక్క ఇవ్వక తప్పకపోతే కొన్ని వారాలు ఆలస్యంగా ఇవ్వండి. ఇంటర్నెట్ తీసేసినా ఇంట్లో వైఫై మీద పనిచేస్తుందా, షేర్ చేసింది వెనక్కి తీసుకోవచ్చా, ఖాతా తీసేస్తే పాత రీడింగులూ పోతాయా అన్నవి కూడా డబ్బు కట్టకముందే తేల్చుకోండి. నేను అడగలేదు. వాపసు గడువు దాటాక తెలిసింది, మూడింటికీ జవాబు "లేదు" అని.

ప్రస్తుతానికి క్లాంప్ ఊడదీసి సొరుగులో పడేశాను. పాత డేటా తొలగించమని రెండుసార్లు రాశాను. లింక్ ఇప్పటికీ తెరుచుకుంటోంది.