సూదిబెజ్జమా, కళ్లద్దమా, ప్రాసెస్ లెన్సా: గదంత కెమెరాకు ఏది మేలు?

గది మొత్తం చీకటి చేసి, గోడలో ఒక్క బెజ్జమో లెన్సో ఉంచితే బయటి దృశ్యం ఎదుటి గోడ మీద పడుతుంది. ఇలా గదినే కెమెరాగా మార్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది “ఏ లెన్స్ ఎక్కువ షార్ప్?” అని. నన్నడిగితే అది అన్నిటికంటే చివర అడగాల్సిన ప్రశ్న. మామూలు కెమెరాలో చిన్న నెగెటివ్‌ని పది, ఇరవై రెట్లు పెద్దది చేస్తాం కాబట్టి లెన్స్ లోపాలు కూడా దాంతోపాటే పెరుగుతాయి. గది కెమెరాలో పెంచడమనేదే లేదు. గోడకు అంటించిన కాగితం మీద ఏది పడితే అదే ఫోటో. అంచు 0.2 మి.మీ. మేర అలుక్కున్నా ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు అది పదునుగానే కనిపిస్తుంది. అసలు తంటా మూడు చోట్ల వస్తుంది: వెలుగు ఎంత అందుతుంది, బొమ్మ కాగితం మూలల దాకా పరుచుకుంటుందా, ఎంత లోతు ఫోకస్‌లో నిలుస్తుంది.

ముందు లెన్సే అక్కర్లేని పిన్‌హోల్, అంటే సూదిబెజ్జం సంగతి. బెజ్జం పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. మరీ చిన్నదైతే కాంతి అంచుల దగ్గర వంగి మళ్లీ అలుక్కుపోతుంది. సరైన కొలత గది లోతును బట్టి ఉంటుంది. బెజ్జానికీ కాగితానికీ మధ్య 2 మీటర్లుంటే సుమారు 2 మి.మీ. బెజ్జం సరిపోతుంది. అంటే ఎఫ్/1000 (దూరాన్ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె; అది పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). ఎఫ్/22 దగ్గర పెట్టిన లెన్స్‌తో ఒక్క సెకనులో అయ్యే పనికి ఇక్కడ అరగంట పైనే పడుతుంది. పైగా వెలుగు ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఫిల్మూ కాగితమూ మొండికేస్తాయి. లెక్కలో వచ్చిన టైమ్‌కి ఇంకొంత కలపాల్సిందే.

ఇంత ఓపిక పడితే దక్కేదీ తక్కువేమీ కాదు. పిన్‌హోల్‌కి ఫోకస్ చేసే పని లేదు, గీతలు వంకర పోవు, గోడ ఎంత పెద్దదైనా బొమ్మ పరుచుకుంటుంది. మూలలు కాస్త చీకటి పడతాయంతే. 2006లో కాలిఫోర్నియాలోని ఎల్ టోరోలో, మూతబడిన సైనిక వైమానిక స్థావరంలో ఆరుగురు ఫోటోగ్రాఫర్లు ఒక హ్యాంగర్‌ను చీకటి చేసి ‘ద గ్రేట్ పిక్చర్’ తీశారు. బెజ్జం సుమారు 6 మి.మీ., ఎక్స్‌పోజర్ 35 నిమిషాలు. ఎమల్షన్‌ను, అంటే వెలుగుకు స్పందించే పూతను చేత్తో పూసిన ఆ గుడ్డ వెడల్పు 30 మీటర్ల పైమాటే. అంత గుడ్డను కప్పే లెన్స్ కోసం వెతకడం దండగ. ఫోటోగ్రాఫర్ వెరా లుటర్ 1990ల నుంచి గదుల్నీ షిప్పింగ్ కంటెయినర్లనీ పిన్‌హోల్ కెమెరాలుగా వాడుతున్నారు. ఆమె ఎక్స్‌పోజర్లు గంటల నుంచి రోజుల దాకా సాగుతాయి. అటూ ఇటూ కదిలేవాళ్లు ఫోటోలో పడరు, నిలిచి ఉన్నవే మిగులుతాయి. అలాంటి ఖాళీ కావాలనే ఉద్దేశం ఉంటే పిన్‌హోల్‌కి సాటి లేదు. మనిషి ముఖం కావాలంటే మాత్రం దాన్ని మర్చిపోవడమే మంచిది.

రెండోది ఒంటి గాజు లెన్స్. కళ్లద్దాల షాపులో దొరికే ప్లస్ అర పవర్ అద్దం ఫోకల్ లెంగ్త్ 2 మీటర్లు, అంటే దూరపు దృశ్యం దాని వెనక 2 మీటర్ల దగ్గర పదునుగా పడుతుంది. దాని ముందు 30 మి.మీ. రంధ్రమున్న నల్ల అట్ట పెడితే ఎఫ్/66 చుట్టుపక్కల వస్తుంది. అదే గదిలో 2 మి.మీ. బెజ్జం కంటే 225 రెట్ల వెలుగు. గంట పట్టే ఎక్స్‌పోజర్ పదహారు సెకన్లకు దిగుతుంది. “కళ్లద్దంతో ఫోటో ఏం బావుంటుంది?” అని పెదవి విరిచేవాళ్లు ఒక సంగతి గమనించరు. గది కెమెరాల్లో ఎక్కువగా వాడేది ఫోటో పేపర్. పాతకాలపు గ్రేడెడ్ పేపర్‌కి (కాంట్రాస్ట్ మార్చుకునే వీల్లేని రకం) దాదాపు నీలం ఒక్కటే కనిపిస్తుంది. రంగుకో చోట ఫోకస్ అవడం ఒంటి లెన్స్‌కున్న పెద్ద రోగం. ఒక్క రంగే చూసే కాగితానికి ఆ రోగం దాదాపు అంటదు.

కాకపోతే ఒక మెలిక ఉంది. మన కంటికి పచ్చ, పసుపు రంగులు ఎక్కువ వెలుగుగా తోస్తాయి. కాబట్టి తెల్ల కాగితం మీద బొమ్మ చూసి ఫోకస్ చేశామంటే, చేసింది నీలానికి కాదన్నమాట. 2 మీటర్ల లెన్స్‌తో దూరపు దృశ్యం తీసేటప్పుడు ఈ తేడా సుమారు 3 సెం.మీ. ఉంటుంది. ఫోకస్ చూసుకున్నాక కాగితాన్ని అంతమేర లెన్స్ వైపు జరపాలి, లేదా నీలం ఫిల్టర్ అడ్డం పెట్టి ఫోకస్ చేయాలి. ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకోగల మల్టీగ్రేడ్ పేపర్ అయితే దానికి ఆకుపచ్చ కూడా అందుతుంది కనుక ఎక్స్‌పోజర్ అప్పుడు కూడా ఫిల్టర్ తియ్యొద్దు. ఇంకో చిట్కా: కళ్లద్దం గుంటగా ఉన్న వైపు బయటి దృశ్యానికి పెట్టి, రంధ్రమున్న అట్టను దానికి కాస్త ముందు నిలపాలి. ఇంగ్లిష్ శాస్త్రవేత్త వొల్లాస్టన్ 1812లో కనిపెట్టిన అమరిక ఇదే. తిరగేసి పెట్టారంటే నడుమ బాగానే ఉన్నా అంచులు చెడిపోతాయి. కిటికీ అవతలి దృశ్యాలకు నా ఓటు ఈ కళ్లద్దానికే.

ఇక అందరూ వెంటపడే ప్రాసెస్ లెన్సులు. గోర్జ్ రెడ్ డాట్ ఆర్టార్, రోడెన్‌స్టాక్ అపో-రోనార్, అపో-నిక్కోర్ లాంటివి. అచ్చు పనిలో పేజీలూ మ్యాపులూ ఫిల్మ్ మీదకు ఎక్కించడానికి పుట్టినవివి. ఆ కెమెరాలు కొన్ని డార్క్‌రూమ్ గోడలోనే అమర్చి ఉండేవి. లెన్సూ బల్లా ఒక గదిలో, ఫిల్మూ మనిషీ రెండో గదిలో. అంటే ఆ పని చేసేవాళ్లు రోజంతా కెమెరా లోపలే ఉన్నట్టు. కంప్యూటర్లు వచ్చి ఆ కెమెరాలు మూలపడ్డాక లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చాయి.

వస్తువు ఎంతుంటే ఫోటోలో అంతే ఉండాలన్నప్పుడు వీటి సత్తా తెలుస్తుంది. ఇవి తయారైందే దాదాపు ఆ కొలతకు. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ దూరపు దృశ్యానికి దాదాపు మీటరు వెడల్పు బొమ్మ వేస్తే, సమాన కొలతకు వచ్చేసరికి అది 2 మీటర్లవుతుంది. వెలుగు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది, ఎఫ్/22 పెడితే ఎఫ్/44లా పనిచేస్తుంది. ఫోకస్ లోతు సంగతి ఇంకా కఠినం. సమాన కొలతలో ఎఫ్/22 దగ్గర పదునుగా నిలిచేది మొత్తం 1.8 సెం.మీ. లోపే. కనురెప్పల మీద ఫోకస్ పెడితే ముక్కు కొన మెత్తబడుతుంది, చెవి పూర్తిగా కరిగిపోతుంది. కూర్చున్న మనిషి ఊపిరి తీసుకుని రవ్వంత ముందుకు ఒరిగినా ఫోకస్ గోవిందా. ఏ లెన్స్ కొన్నా ఈ లెక్క మారదు. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) తగ్గించి, భారీ ఫ్లాష్‌లు పెట్టుకోవడం ఒక్కటే దారి. ఈ లెన్సుల్లో చాలావాటికి షట్టర్ ఉండదు, కాబట్టి చీకట్లో మూత తీసి ఫ్లాష్ కొట్టడమే పద్ధతి.

1970లలో జర్మనీలో వెర్నర్ క్రౌస్, ఎర్హార్డ్ హోస్లే కట్టిన ఇమాగో కెమెరా ఇలాంటి నిలువెత్తు చిత్రాల కోసమే. మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెట్టె, నెగెటివ్ లేకుండా నేరుగా పాజిటివ్ కాగితం మీదే ఫోటో. ఇలా నేరుగా తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చొక్కా మీద అక్షరాలుంటే అద్దంలో చూసినట్టు వస్తాయి. అది నచ్చకపోతే లెన్స్ ముందు అద్దమో ప్రిజమో పెట్టాలి. అదే దశాబ్దంలో పోలరాయిడ్ వాళ్లు బోస్టన్ మ్యూజియంలో 40×80 అంగుళాల గది కెమెరా పెట్టి వర్ణచిత్రాలకు నకళ్లు తీశారు. వర్ణచిత్రం చదునుగా ఉంటుంది, కదలదు. లోతు గొడవే లేదు. ఇలాంటి పనికి ప్రాసెస్ లెన్స్ తరహాకే ఓటు.

విమానాల నుంచి నేలను తీసే ఏరియల్ లెన్సులు చూడ్డానికి దిట్టంగా ఉంటాయి కానీ వాటిలో చాలావాటి బొమ్మ 9×9 అంగుళాలకో, 9×18కో సరిపడేంతే. గోడకు చాలదు.

దూరపు దృశ్యానికి అసలైన పెద్ద లెన్సే వాడాలంటే ఎంత తతంగమో 1900లో చికాగో ఫోటోగ్రాఫర్ జార్జ్ లారెన్స్ చూపించాడు. చికాగో అండ్ ఆల్టన్ రైల్వే వాళ్లకు తమ కొత్త రైలంతా అతుకుల్లేకుండా ఒకే ఫోటోలో కావాల్సి వచ్చింది. ఎనిమిది అడుగుల వెడల్పు గాజు ప్లేటు, జైస్ లెన్సులు, మోయడానికీ నడపడానికీ పదిహేను మంది. ప్లేటు మీద దుమ్ము దులపడానికి మనిషి కెమెరా లోపలికే వెళ్లేవాడు. తలుపు మూశాక లెన్స్‌కి ఎర్రగాజు మూత తగిలిస్తే, ఆ ఎర్ర వెలుగులో కుంచెతో దులిపేవాడు. ఎక్స్‌పోజర్ రెండున్నర నిమిషాలు. ఆ ఎర్ర మూత చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది, ఫోటో పేపర్‌కి ఎర్ర వెలుగు తగలదు కనుక.

ప్రాసెస్ లెన్స్ బేరం కుదిరిందని సంబరపడేముందు గదిని టేపుతో కొలవండి. సమాన కొలత చిత్రానికి 1200 మి.మీ. లెన్స్‌కి లోపల 2.4 మీటర్లు, బయట 2.4 మీటర్లు కావాలి. కాగితం అంటించే మనిషికి, అంటే మనకే, ఇంకాస్త చోటు ఉండాలి. లోపల మీటరున్నరకు మించి దొరకని గదైతే 600 మి.మీ. తీసుకుని ముఖం, భుజాల వరకే తీయడం నయం.