పాత పవర్ టిల్లరు పొగ కొడుతుంటే రింగులా, లైనర్ కిట్టా?

ఎడగారు కోతలు అయిపోయి, మళ్ళీ సోమశిల నీళ్ళు కాలవలకు వదిలేలోపు నెల్లూరు డెల్టాలో టిల్లర్లన్నీ షెడ్ల ముందు చేరతాయి. అప్పుడు రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇంజన్ బోరుకొచ్చిందంటున్నాడు మెకానిక్కు. రింగులేస్తే ఇంకో పంట లాగదా? కిట్టే వేయాలా?" కొండపి, టంగుటూరు వైపు పొగాకు చేలల్లో తిప్పేవాళ్ళు అడిగేదీ ఇదే, పొదలకూరు నిమ్మతోటల వాళ్ళు అడిగేదీ ఇదే.

ఇక్కడ చెప్పేది 12, 13 హార్స్‌పవర్ ఉండి, నీళ్ళతో చల్లబడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ల గురించి. సిలిండరు పడుకోబెట్టినట్టు ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే వీఎస్‌టీ, కామ్కో టిల్లర్లు ఈ కోవలోవే. లైనరు అంటే పిస్టన్ ఆడే గొట్టం, అది అరిగితేనే ఇంజన్ బోరుకొచ్చిందంటారు. రింగులు పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే కట్లు. కిట్ అంటే లైనరు, పిస్టన్, రింగులు కలిపి కొత్తవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లైనరు కొలవకుండా రింగులు వేయించకండి. కొలిచాక, బాగా పని చేసిన బండికి చాలాసార్లు కిట్టే తేలుతుంది. రింగులతో సరిపోయే బండ్లూ ఉన్నాయి, వాటికి అనవసరంగా కిట్ అంటగట్టడమూ అన్యాయమే.

ముందు అసలు ఇంజన్ ఇప్పాలా అన్నది చూడాలి. బండి లాగడం లేదంటే ప్రతిసారీ ఇంజన్ అరిగినట్టు కాదు. నల్లపొగ వస్తుంటే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ డీజిల్‌ను సరిగ్గా చిమ్మడం లేదు. ఎయిర్ క్లీనరు కడిగి, నాజిల్‌ను పంపు షాపులో ప్రెషర్ పెట్టి చూపించండి. నీలం కలిసిన మబ్బు రంగు పొగ వస్తూ, రోజూ ఆయిల్ పోయాల్సి వస్తుంటేనే రింగుల మీద అనుమానం. ఇంజన్ శబ్దం మారకుండా టిల్లరు మాత్రం బురదలో ఆగిపోతుంటే బెల్టులు జారుతున్నట్టు. బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు సుమారు రెండు సెంటీమీటర్లు దిగాలి, అంతకన్నా వదులుగా ఉంటే బిగించండి. టాపెట్ గ్యాపు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు కూడా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. గ్యాపు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, నింద రింగుల మీద పడుతుంది.

వాల్వుదా, రింగులదా అని తేల్చడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. డీజిల్ కట్ చేసి హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. కంప్రెషన్ దగ్గర చెయ్యి ఎంత ఆగుతోందో గుర్తు పెట్టుకోండి. తర్వాత గాలి వెళ్ళే దారిలో రెండు టీ స్పూన్ల ఇంజన్ ఆయిల్ పోసి, డీకంప్రెషన్ లివరు (కంప్రెషన్ వదిలేసేది) పట్టుకుని పదిసార్లు తిప్పి, మళ్ళీ చూడండి. చెయ్యి ఇప్పుడు గట్టిగా ఆగితే గాలి రింగుల పక్కనుంచి పోతున్నట్టు. తేడా లేకపోతే వాల్వులు, హెడ్ గాస్కెట్ చూడాలి. రెండు స్పూన్లకు మించి పోయకండి. పిస్టన్ పైన మిగిలే చోటు చాలా తక్కువ, ఆయిల్ నిండితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పడుకున్న సిలిండరు కాబట్టి ఆయిల్ కింది వైపే చేరుతుంది, అందుకే అన్నిసార్లు తిప్పమనేది.

రింగుల తప్పే అని తేలితే హెడ్ తీయక తప్పదు. పిస్టన్ బయటికొచ్చాక లైనరు నోటి దగ్గర, పై రింగు తిరిగి వెనక్కి మళ్ళే చోట గోరు పెట్టి లాగండి. గోరు ఆగేంత మెట్టు తగిలితే అక్కడ లైనరు తిన్నది. ఆ మెట్టు పైన రింగు తగలని భాగం కొత్తప్పటి సైజులోనే ఉంటుంది. చాలా షెడ్లలో చూపు ఇక్కడితో ఆపి రింగులు తెమ్మంటారు. ఇక్కడ ఆగకూడదు. దీని తర్వాతి కొలతే రింగులా, కిట్టా అన్నది తేలుస్తుంది, దానికి కావాల్సింది ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకుల సెట్టు), పాత పై రింగు మాత్రమే.

రింగును విడిగా లైనర్లోకి దించండి. పిస్టన్‌ను తిరగేసి దాని తలతో నెడితే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. ముందు రింగు తిరగని అడుగు భాగంలో, అంటే క్రాంక్ వైపు చివర, దాని రెండు కొసల మధ్య గ్యాపు కొలిచి రాసుకోండి. తర్వాత మెట్టుకు కాస్త కింద, బాగా అరిగిన చోట అదే రింగు గ్యాపు కొలవండి. లైనరు వ్యాసం 0.1 మి.మీ. పెరిగితే రింగు గ్యాపు 0.3 మి.మీ. పైచిలుకు పెరుగుతుంది, ఎందుకంటే చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. కాబట్టి రెండు గ్యాపుల తేడాను 3.14తో భాగిస్తే వచ్చేదే లైనరు అరుగుదల. రింగు పాతదైనా పర్వాలేదు, మనకు కావాల్సింది తేడానే. ఉదాహరణకు అడుగున 0.60, పైన 1.20 వచ్చిందనుకోండి. తేడా 0.60, అరుగుదల 0.19 మి.మీ. ఈ సైజు ఇంజన్లలో అరుగుదల 0.15 దాటితే అనుమానించాలి, 0.2 దగ్గరికొస్తే లైనరు అయిపోయినట్టే. మీ మోడల్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే చివరి మాట.

ఈ లెక్క సగటు అరుగుదలనే చెబుతుంది, లైనరు కోడిగుడ్డు ఆకారంలోకి మారిందో లేదో చెప్పదు. పిస్టన్ ఒత్తిడి పడే వైపు ఎక్కువ తినడం మామూలే. అంకె 0.10కీ 0.15కీ మధ్య వస్తే లేత్ షాపులో బోర్ గేజ్ పెట్టించి, మూడు లోతుల్లో, అడ్డంగా నిలువుగా కొలిపించుకోండి. ఆ కాస్త ఖర్చుకు వెనకాడొద్దు.

ఇక రింగుల సంగతి. అరిగిన లైనర్లో కొత్త రింగు వేస్తే రెండు తప్పులు జరుగుతాయి. పాత రింగు అంచు మెట్టుతో పాటే అరిగి గుండ్రంగా అయ్యుంటుంది. కొత్త రింగు అంచు పదునుగా ఉండి, ప్రతి చుట్టుకూ మెట్టుకు కొట్టుకుంటుంది. కొన్ని గంటల్లోనే రింగు విరగొచ్చు, లేదా పిస్టన్ గాడి పగలొచ్చు. రెండోది, కింద సన్నగా పైన వెడల్పుగా ఉన్న గొట్టంలో రింగు ప్రతి దెబ్బకూ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. గోడకు ఒరుసుకుని ఎప్పటికీ కుదురుకోదు. దమ్ము మొదలయ్యాక, ఒక్కరోజు బండి ఆగితే నాట్లు ఆగే సమయంలో, మళ్ళీ పొగ మొదలవుతుంది. కూలీ రెండోసారి. హెడ్ గాస్కెట్ రెండోసారి. ఇప్పి కట్టే కూలీ రింగులకైనా కిట్టుకైనా దాదాపు ఒకటే. అందుకే రింగుల చవక పైకి కనిపించేంత చవక కాదు.

మరి రింగులు ఎప్పుడు మేలు? అరుగుదల 0.10 లోపు ఉండి, రింగులు కార్బన్‌తో గాడుల్లో ఇరుక్కుపోయి ఉంటే. ఎక్కువసేపు లోడు లేకుండా ఐడిల్‌లో నడిపిన బండ్లలో, ఆయిల్ మార్చని బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అప్పుడు విరిగిన పాత రింగు ముక్కతో గాడులన్నీ గీకండి, గాడి అడుగున ఉన్న ఆయిల్ రంధ్రాలు తెరవండి. కొత్త రింగును గాడిలో పెట్టి పక్క సందు కొలవండి, 0.2 మి.మీ. దాటితే గాడి అరిగింది, పిస్టన్ కూడా మార్చాలి. లైనరు గోడ అద్దంలా మెరుస్తుంటే హోనింగ్, అంటే సానరాయితో గోడకు సన్నగీతలు పెట్టించడం, చేయించాలి, గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకున్నట్టు కనపడాలి. హోనింగ్ అయ్యాక డీజిల్‌తో తుడిచి వదిలేస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. వెంటనే ఆయిల్ పూయాలి. రింగుల మీద గుర్తు ఉన్న ముఖం హెడ్ వైపు ఉండాలి, గ్యాపులు ఒకదాని మీద ఒకటి రాకుండా తిప్పి పెట్టాలి.

కిట్ అంటే లైనరు, పిస్టన్, పిన్ను, సర్‌క్లిప్పులు, రింగులు, లైనరు రబ్బరు రింగులు. చాలా కిట్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ గానీ, చిన్న తలలో ఉండే బుష్ గానీ ఉండవు. హెడ్ గాస్కెట్, వాటర్ సీళ్ళు వేరే రాయించుకోవాలి. కనెక్టింగ్ రాడ్ పట్టుకునే క్రాంక్ పిన్నును మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలిపించండి. ఎక్కడైనా 0.05 మి.మీ. మించి తేడా ఉంటే గ్రైండింగ్ చేయించి 0.25 అండర్‌సైజు బేరింగ్ వేయాలి. కిట్ కొత్తది, క్రాంక్ పాతది అయితే కొత్త కంప్రెషన్ బరువంతా ఆ అరిగిన బేరింగ్ మీదే పడుతుంది.

ఇవి తడి లైనర్లు, నీళ్ళు లైనరు బయటి గోడకే తగులుతాయి. సముద్రం పక్క మండలాల్లో ఉప్పు బోరు నీళ్ళు పోసిన ఇంజన్లలో పాత లైనరు లాగాక బ్లాకు లోపల తెల్లటి పొర, తుప్పు గట్టిగా పేరుకుని ఉంటాయి. లైనరు వీపు మీద సూది గుచ్చినట్టు గుంటలూ కనిపించొచ్చు. ఆ పొర వల్లే వేడి బయటికి పోక పై రింగు దగ్గర ఆయిల్ కాలి కార్బన్ అవుతుంది. బ్లాకులో రబ్బరు రింగు కూర్చునే అంచులు లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. ముందు రబ్బర్లు లేకుండా లైనరు పెట్టి చూడండి, చేత్తోనే దిగాలి. తర్వాత రబ్బర్లకు సబ్బునీళ్ళు పూసి, మెలిక లేకుండా తొడిగి నెట్టండి. సుత్తి కావాల్సి వచ్చిందంటే రబ్బరు ఎక్కడో తెగుతోంది. లైనరు అంచు బ్లాకు ముఖం కన్నా వెంట్రుకంత పైకి ఉండాలి, లోపలికి దిగి ఉంటే హెడ్ గాస్కెట్ పట్టదు. పిస్టన్ వేసే ముందు నీటి భాగంలో నీళ్ళు నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లైనరు అడుగు వైపు చెమ్మ కనపడితే అప్పుడే లాగి సరిచేయండి. ఇది వదిలేసిన ఇంజన్లలోనే పది రోజులకు ఆయిల్ పాలలా తెల్లబడుతుంది.

హెడ్ నట్లు అడ్డంగా వరస తప్పకుండా, మూడు దఫాల్లో టార్క్ రెంచితో బిగించాలి. మొదటిసారి వేడెక్కి చల్లారాక టార్క్, టాపెట్ మళ్ళీ చూసుకోవాలి. మొదటి 10 గంటలు సగం లోడు మించొద్దు. ఖాళీ ట్రయిలరు లాగండి, లేదా నీళ్ళ పంపు తిప్పండి. అలాగని గంటల తరబడి ఐడిల్‌లో వదిలినా గోడ అద్దంలా మారి రింగులు కూర్చోవు. 25 గంటలకు ఆయిల్ పారబోసి కొత్తది, ఆ తర్వాత 100 గంటలకోసారి. అందుకే కిట్ వేసేది దమ్ముకు ముందు రోజు కాదు, కనీసం రెండు వారాల ముందు.

రింగులు వేసినా, కిట్ వేసినా అంతా ఎయిర్ క్లీనరు మీదే ఆధారం. లైనరును తినేది మట్టి. నెల్లూరు వరిమళ్ళలో బురదే కాబట్టి దుమ్ము తక్కువ, పొగాకు చేలల్లో, నిమ్మతోటల పొడి దుక్కిలో దుమ్ము పొగలా లేస్తుంది. అక్కడ ఆయిల్ బాత్ క్లీనరులో ఆయిల్ రోజూ మార్చాలి, గీతకు మించి పోయకూడదు. క్లీనరు నుంచి హెడ్‌కు వెళ్ళే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు తిప్పండి. వేలికి గరుకు తగిలితే గొట్టం పగిలిందో, క్లిప్పు వదులైందో ఉంటుంది. ఆ పగులును అలాగే ఉంచి కొత్త లైనరు వేస్తే ఆ డబ్బు మట్టిపాలే.

సెకండ్‌హ్యాండ్ ఇంజన్ తెచ్చి మార్చడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. దాని లైనరు కూడా ఇలాగే కొలవనిస్తే కొనండి, లేకపోతే వద్దు.

అమ్మేసి కొత్తది కొనడం సరైన పని అయ్యేది ఇంజన్ వల్ల కాదు, గేరుబాక్సు, రోటరీ పెట్టె వల్ల. రెండింటి డ్రెయిన్ బోల్టులు విప్పి ఆయిల్ చూడండి. బురదనీళ్ళు కలిసి తెల్లగా ఉంటే, అడుగున ఇనుప పొట్టు మెరుస్తుంటే, రోటరీ షాఫ్టు చేత్తో పట్టుకుని ఊపితే ఆడుతుంటే, క్రాంక్ కూడా గ్రైండింగ్‌కు వస్తే, ఆ నాలుగు పనులకూ రాతపూర్వకంగా ఒకే ఎస్టిమేటు రాయించుకోండి. అది మీ బండికి ఇప్పుడున్న రేటులో సగం దాటితే కిట్ వేయించకుండానే బేరం పెట్టడం నయం. కొత్త టిల్లరుకు వ్యవసాయ యాంత్రీకరణ రాయితీ ఉందా, మీ మండలానికి ఎన్ని కేటాయించారు అన్నది ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. పాత బండి చేతిలో ఉండగానే అడగండి, ఎందుకంటే మంజూరు అయ్యేలోపు దమ్ము రోజులు దాటిపోవచ్చు.